ఎడ్మండ్ అర్జీ, లాల్‌ఖదాన్ బిల్లు

1841వ సంవత్సరం. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున ఒక చిన్న ఫ్రెంచి దీవి. అప్పట్లో దాన్ని బూర్బన్ అనేవారు, ఇప్పుడు రీయూనియన్ అంటున్నారు. దీవికి ఉత్తరపు వైపు సెంట్ సుజాన్ అనే ఊరు. ఆ ఊళ్లో బెల్‌వ్యూ తోట. తోట యజమాని ఫెరియోల్ బెలియే బొమాన్ మొక్కలు చూసుకుంటూ నడుస్తున్నాడు. వెనకాల పన్నెండేళ్ల పిల్లవాడు. పేరు ఎడ్మండ్. ఇంటిపేరు లేదు, బానిసలకు ఉండేది కాదు. తల్లి మెలీజ్ వీణ్ణి కంటూనే కన్నుమూసింది. తోటలోనే, ఫెరియోల్ కాళ్లకూ చేతులకూ అడ్డం పడుతూ పెరిగాడు. చదువు చెప్పించలేదు గానీ మొక్కల సంగతులు మాత్రం యజమాని చాలానే చెప్పాడు. పుచ్చపాదుకు మగ పువ్వు ఏది, ఆడ పువ్వు ఏది, రెంటినీ చేత్తో కలిపి పిందె కట్టించడం ఎలాగో చేసి చూపించాడు.

తోటలో ఒక వెనీలా తీగ ఉంది. నాటి ఇరవై ఏళ్లయింది. పూసేది, రాలేది. ఒక్క కాయ కాసిన పాపాన పోలేదు. దీవిలో ఎవరి తీగదీ అదే కథ. ఆ రోజు ఫెరియోల్ కంటికి ఆ తీగ మీద కాయ కనబడింది. ఆశ్చర్యపోయి చూస్తుంటే, దానికి పిందె కట్టించింది తానేనని పిల్లవాడు చెప్పాడు. ఫెరియోల్ నమ్మలేదు. కొద్దిరోజులకు ఇంకో కాయ కనబడింది. అప్పుడు, ఏదీ చేసి చూపించమన్నాడు.

వెనీలా పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. పుప్పొడి ఉండే భాగానికీ దాన్ని అందుకునే భాగానికీ మధ్య ఒక పలచని పొర అడ్డం. దాని పుట్టిల్లు మెక్సికోలో ఆ అడ్డం దాటించే పని అడవి తేనెటీగలు చూసుకునేవి. దీవిలో ఆ తేనెటీగలు లేవు. ఎడ్మండ్ చిన్న వెదురు పుల్లతో పొరను పైకి లేపాడు. బొటనవేలితో పుప్పొడి ముద్దను అవతలి భాగానికి అదిమాడు. అంతే పని. అంతకు ఐదేళ్ల ముందు, 1836లో, బెల్జియంలోని లియేజ్ నగరంలో షార్ల్ మొరాన్ అనే శాస్త్రవేత్త గాజు ఇంట్లో వెనీలాకు కాయ కాయించకపోలేదు. కానీ అది తోటల్లో కూలివాళ్లు చేసుకోగలిగే పని కాలేదు. ఎడ్మండ్ పద్ధతి అయింది. చుట్టుపక్కల దొరలు బండి పంపించి అతణ్ణి పిలిపించుకుని తమ మనుషులకు నేర్పించుకున్నారు. ఇవాళ్టికీ మడగాస్కర్ నుంచి మన ఇడుక్కి దాకా వెనీలా పండించే ప్రతి రైతూ చేసేది ఆ పిల్లవాడు చేసి చూపించిన పనే.

తోటలో జరిగిందంతా ఫెరియోల్ తర్వాతి కాలంలో రాసిన ఉత్తరాల్లో ఉంది. నాకు తెలిసింది మాత్రం పుస్తకం చదివి కాదు. లాల్‌ఖదాన్‌లో మా వదిన వంటింటి అరమరలో ఒక సీసా చూసి, అందులో ఏముందని అడిగి, అక్కణ్ణుంచి వెనక్కి వెతుక్కుంటూ పోతే తేలింది.

లాల్‌ఖదాన్ బిలాస్‌పూర్‌కు తూర్పు కొసన, హౌరా నుంచి ముంబై పోయే మెయిన్ లైనును ఆనుకుని ఉంటుంది. కోర్బా బొగ్గు మోసుకొచ్చే వ్యాగన్ల చప్పుడు రాత్రీ పగలూ ఆగదు. 2025 నవంబరు 4 సాయంత్రం ప్యాసింజర్ రైలు ఆగి ఉన్న గూడ్సును వెనక నుంచి గుద్దుకున్నది ఈ చుట్టుపక్కలే. పదిమందికి పైగా పోయారు. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ వదిన చేతిలో పని ఆపి కూర్చుంటుంది.

ఇక్కడ తెలుగువాళ్లేమిటి అనేవాళ్ల కోసం ఒక మాట. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పుట్టింది. 1902లో కటక్ నుంచి విజయనగరం వైపు ఉన్న తూర్పు కోస్తా రైలు మార్గం ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఇక శ్రీకాకుళం, పలాస, విజయనగరం వైపు జనానికి ఖరగ్‌పూర్, టాటానగర్, బిలాస్‌పూర్ పొరుగూళ్లయిపోయాయి. గ్యాంగుమన్నుగా, ఫిట్టరుగా, ఫైర్‌మన్నుగా వచ్చినవాళ్లు క్వార్టర్లలో స్థిరపడ్డారు. మా నాన్న అలా వచ్చినవాడే, కారేజ్ అండ్ వ్యాగన్‌లో ఫిట్టరు. పలాస యాస ఇంట్లో, ఛత్తీస్‌గఢీ వీధిలో. నాన్న ఉన్నన్నాళ్లు ఎవరికి జ్వరం వచ్చినా రైల్వే ఆస్పత్రి పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లేవాళ్లం. మందులు అక్కడే, ఖర్చన్న మాట తెలియదు. అన్నయ్యకు రైల్వే ఉద్యోగం రాలేదు. ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తాడు. నాన్న పోవడంతో ఆ పుస్తకమూ పోయింది.

అన్నయ్యకు గుండెపోటు వచ్చింది ఒక చలికాలపు తెల్లవారుజామున. చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగేస్తోందని మంచం మీద కూర్చుండిపోయాడు. పక్కింటి ఆటో అతను ఎత్తి కూర్చోబెట్టి ఒక ప్రైవేటు ఆస్పత్రికి చేర్చాడు. ఒక స్టెంటు వేశారు. బతికాడు. ఆ డాక్టర్ల చేతులకు దణ్ణం పెట్టుకుంటాం, అందులో రెండో మాట లేదు.

పలాస నుంచి మేనత్త ఫోను. "ఏటమ్మా, ఆరోగ్యశ్రీలో అవలేదేటి?" ఆరోగ్యశ్రీ 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. రాష్ట్రం దాటి వచ్చి మూడు తరాలైనవాళ్లకు అది వర్తించదు. ఇక్కడ ఉన్నది ఆయుష్మాన్ కార్డు. ఛత్తీస్‌గఢ్‌లో 2020 జనవరి నుంచి అంత్యోదయ, ప్రాధాన్య రేషన్ కార్డులవాళ్లకు ఏడాదికి ఐదు లక్షల దాకా, మిగతా కార్డులవాళ్లకు యాభై వేల దాకా వైద్యం అని పెట్టారు. అన్నయ్యది ఆ మిగతా కార్డు. కార్డు యాభై వేలు మోసింది. పైదంతా వదిన మోయాలి.

డిశ్చార్జి రోజు కౌంటరు దగ్గర జరిగింది వదిన చెబుతుంటే నేను విన్నాను. తర్వాత ఆ కాగితాలూ చూశాను. బిల్లు ఒకే పేజీ. గది అద్దె, ప్రొసీజర్, మందులు, "ఇతర సామగ్రి". చివరి దాని కింద వేలల్లో అంకె.

"ఈ ఇతర సామగ్రి ఏటి బాబూ?" అని హిందీలో అడిగిందట.

"సిస్టమ్‌లో అలాగే వస్తుంది, మేడమ్."

"అయితే ఆ సిస్టమ్ ఏం కూడిందో ఆ కాగితం ఇవ్వండి."

"డాక్టరుగారు బిజీ. మీరు కట్టేసి వెళ్లండి, రేపు చూద్దాం."

వదిన పదో తరగతితో ఆగిపోయిన మనిషి. నలుగురిలో గట్టిగా మాట్లాడితే చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు ఆమె వెనక వరసలో నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నారు. ఒకాయన గొంతు పెంచాడు కూడా. వదిన కుర్చీ లాక్కుని కౌంటరు పక్కనే కూర్చుంది. "కాగితం వచ్చాక కడతాను, డబ్బు తెచ్చాను" అని పర్సు తెరిచి చూపించింది. అరిచిందీ లేదు, ఏడ్చిందీ లేదు. అలా కూర్చుంది.

గంట దాటాక నాలుగు పేజీల కాగితం వచ్చింది. వదిన వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివింది. ఒక రక్త పరీక్ష ఒకే రోజు రెండుసార్లు వేసి ఉంది. రిపోర్టు మాత్రం ఒక్కటే. అది తీసేశారు. స్టెంటు ధర విడిగా రాసి లేదు. రాయమంది. అలా అడగవచ్చని ఆమెకు చెప్పింది వార్డులో పక్క మంచం రోగి కొడుకు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ స్టెంట్లకు గరిష్ఠ ధర కట్టింది. అంతకు ముందు మందు పూసిన స్టెంటు సగటున లక్షా ఇరవై వేల పైచిలుకు ధరకు అమ్మేవారు. దాన్ని ఒక్క ఆదేశంతో 29,600కు దించారు. ఏటా టోకు ధరల సూచీని బట్టి ఆ అంకె కాస్త మారుతుంది. ఆస్పత్రి బిల్లులో స్టెంటు పేరు, తయారీ కంపెనీ, బ్యాచి నంబరు, ధర విడిగా చూపించాలని కూడా అదే ఆదేశంలో ఉంది. స్టెంటు డబ్బా మీది స్టిక్కరు కేస్ షీటుకు అంటిస్తారు. దాని నకలు వదిన తెచ్చుకుంది. ఆస్పత్రి కాగితాలు దాచిన పసుప్పచ్చ ఫైలులో మొదటి కాగితం ఇప్పటికీ అదే. సన్నని గీతల స్టిక్కరు, కింద ఎవరో నీలం పెన్నుతో రాసిన అన్నయ్య పేరు. అక్షరాలు తప్పుగా ఉన్నాయి.

తగ్గింది పెద్ద మొత్తమేం కాదు. అయినా ఆ రోజు నుంచి వదిన మారిపోయింది. అడగవచ్చు అని తెలిసింది.

ఇంతకీ సీసా సంగతి. వదిన కేకులు చేసి అమ్ముతుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. డిసెంబరు వస్తే ప్లమ్ కేకు లేని ఇల్లు ఉండదు. అన్నయ్య ఆఫీసు జీతం ఇంటద్దెకూ పిల్లల ఫీజులకూ పోతే, మందుల ఖర్చు కేకుల మీదే నడవాలి. అంతకు ముందు కిరాణా కొట్లో దొరికే వెనీలా ఎసెన్సు వాడేది. ఆ చిన్న సీసా వెనక చిన్న అక్షరాల్లో కృత్రిమ రుచి పదార్థం అని రాసి ఉంటుంది. ఆస్పత్రి కాగితం వేలు పెట్టి చదివిన మనిషి ఆ సీసానూ తిప్పి చదివింది. ఇందులో అసలు వెనీలా చుక్క కూడా లేదా అని ఆశ్చర్యపోయింది. అప్పుడే కొట్టాయం వైపు నుంచి వచ్చి మా వీధిలో ఉంటున్న నర్సమ్మ సెలవుల నుంచి తిరిగి వస్తూ ఒక కట్ట వెనీలా కాయలు తెచ్చి ఇచ్చింది. వాళ్ల తోటలోవే. 2003 ప్రాంతంలో వెనీలా ధర ఆకాశానికంటితే రబ్బరు పక్కన, మిరియాల పక్కన ఈ తీగ పాకించినవాళ్లు కేరళలో, కర్ణాటకలో వేలమంది. రెండేళ్లు తిరిగేసరికి ధర కుప్పకూలింది. చాలామంది పీకేశారు. నర్సమ్మ వాళ్ల నాన్న పీకలేదు.

ఈ కాయ ఎలా తయారవుతుందో తెలిస్తే చేతిలో పట్టుకోవడానికి భయమేస్తుంది. చేత్తో ఒక్కొక్క పువ్వుకూ పిందె కట్టించాక తొమ్మిది నెలలు ఆగాలి. పచ్చికాయకు వాసనే ఉండదు. వేడి నీళ్లలో ముంచి తీసి, దుప్పట్లలో చుట్టి ఉక్కబెట్టి, రోజూ కాసేపు ఎండలో పెట్టి మళ్లీ చుట్టి, నెలల తరబడి పెట్టెల్లో మాగబెడితే అప్పుడు ఆ నల్లని, జిడ్డు జిడ్డు కాయ అవుతుంది. ఐదారు కిలోల పచ్చికాయ ఇలా కిలోకు దిగుతుంది.

ఆ కాయల నుంచి వదిన తీసే సారానికి లెక్క ఉంది. అమెరికా ఆహార చట్టం వెనీలా సారమనే పేరు పెట్టుకోవాలంటే ఇంత ఉండాలని కొలత పెట్టింది. మన లెక్కలోకి తెస్తే లీటరు ద్రవానికి సుమారు 100 గ్రాముల కాయ, ద్రవంలో కనీసం 35 శాతం ఆల్కహాలు. మన దేశంలో అమ్మే వోడ్కాలో సాధారణంగా 42.8 శాతం ఉంటుంది. సరిపోతుంది. పావు లీటరు సీసాకు 25 గ్రాములు, అంటే కాయ బరువును బట్టి ఏడెనిమిది కాయలు.

వోడ్కా తేవడం పెద్ద పని అయింది. ఛత్తీస్‌గఢ్‌లో 2017 నుంచి మద్యం దుకాణాలు ప్రభుత్వమే నడుపుతోంది. ఆ వరసలో వదిన నిలబడలేదు. గుండె జబ్బు మనిషి అన్నయ్యను పంపితే వీధి వీధంతా నోరు నొక్కుకుంటుంది. చివరికి మా మేనల్లుడు తెచ్చాడు. వాడు సంచీలో దాచి తెస్తుంటే ఎదురింటి పెద్దాయన చూడనే చూశాడు. వదిన ఆయన్నే ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టి, ఆయన ముందే కాయలు చీల్చింది.

ఆ పని నేను దగ్గరుండి చూశాను. పీట మీద కాయ పెట్టి, చివర అంగుళం వదిలి, బ్లేడుతో నిలువునా చీల్చింది. రెండు రెక్కలు విడిపోయాయి. లోపల గసగసాల కంటే సన్నని నల్లటి గింజలు, మెరుస్తున్న జిగురులో. బ్లేడు వెనక వైపుతో వాటిని గీకితే వేళ్లకు అంటుకుపోయాయి. వాసన వెంటనే గుప్పుమనలేదు. కాసేపాగి వచ్చింది. బెల్లం, పాత కలప, కాస్త పొగాకు కలిసినట్టుంది. ఎసెన్సు సీసా మూత తీస్తే ముక్కును పొడిచే తీపి ఇందులో లేదు. గాజు సీసాలో కాయలన్నీ నిలబెట్టి, పైదాకా వోడ్కా పోసింది. ఆవకాయ జాడీలో ముక్క నూనెలో మునిగి ఉండాలన్నట్టే ఇక్కడా కాయ పైకి తేలకూడదు, తేలిన చోట బూజు పడుతుంది. వెలుతురు తగలని అరమరలో పెట్టి, వారానికోసారి కదపాలి. రెండు నెలలకు వాడుకోవచ్చు. ఆరు నెలలైతే మంచిది. ఏడాదికి అసలు రుచి వస్తుంది. తొందరపడి ఎండలో పెట్టినా, వేడి చేసినా పాడవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంట్లో వాడుకోవడానికీ, కేకులో రెండు చెంచాలు వేయడానికీ ఇది చేసుకోవచ్చు గానీ, సీసాల్లో పోసి అమ్మడానికి దిగకూడదు. అందులో ఉన్నది మద్యం. దానికి ఎక్సైజు చట్టాలున్నాయి. వదిన సీసా అడిగినవాళ్లకు కేకు ముక్క పెట్టి పంపుతుంది, సీసా ఇవ్వదు.

అరమరలో సీసా పక్కనే పసుప్పచ్చ ఫైలు. సీసా కదిపే ఆదివారమే బిల్లుల లెక్క చూడటం అలవాటు చేసుకుంది. ఒక రూళ్ల నోటుపుస్తకం ఉంది. ఎడమ పేజీలో ఆ నెల మందులు, పరీక్షలు, ఆటో కిరాయి. కుడి పేజీలో కేకుల రాబడి, కార్డు నుంచి వచ్చింది, ఎవరి దగ్గర తెచ్చింది. "ఎవరి దగ్గర" అన్న వరసలో ఒకచోట నా పేరుంది. పక్కన తీర్చేసిన తేదీ ఉంది. నేను మరిచిపోయిన డబ్బు అది.

అలాంటి ఒక ఆదివారమే ఎడ్మండ్ కథ వదినకు చెప్పాను. సీసా కదుపుతూ విన్నది.

దీవిలో 1848 డిసెంబరు 20న బానిసత్వం రద్దయింది. అరవై వేల మందికి పైగా ఆ రోజు స్వేచ్ఛ పొందారు. ఎడ్మండ్‌కు ఆల్బియస్ అని ఇంటిపేరు వచ్చింది. చేతిలో డబ్బు లేదు, చదువు లేదు, సెంటు నేల లేదు. రాజధాని సెయింట్ డెనిస్ వెళ్లి వంటింట్లో పనికి కుదిరాడు. 1852లో నగల దొంగతనం కేసులో కఠిన శిక్ష పడింది. సెంట్ సుజాన్ న్యాయాధికారి మెజియేర్ లెపర్వాంష్ అతని తరఫున గవర్నరుకు రాశాడు. ఈ దీవికి ఇంత సంపద తెచ్చినవాడికి క్షమాభిక్ష దక్కకపోతే ఇంకెవరికి దక్కాలన్నది ఆయన వాదన. 1855లో, గడువు తీరకముందే వదిలిపెట్టారు. అతని పేరు చెరిపేయడానికీ ప్రయత్నాలు జరిగాయి. ఆ పద్ధతి తానే అంతకు ముందు దీవిలో నేర్పానని ఒక వృక్షశాస్త్రజ్ఞుడు ముందుకొచ్చాడు. అప్పుడు ఫెరియోల్ కలం పట్టుకుని, కనిపెట్టింది ఎడ్మండేనని గట్టిగా రాశాడు. ఆ ఒక్క పని ఆ యజమాని చేశాడు, దానికి అతణ్ణి మెచ్చుకోవాలి. ఏళ్ల తరబడి మనిషిని సొంత ఆస్తిగా ఉంచుకున్నవాడు అన్న సంగతి మాత్రం దానితో చెరిగిపోదు.

ఇటు వెనీలా పెరుగుతూనే ఉంది. 1848లో దీవి నుంచి ఫ్రాన్సుకు వెళ్లింది 50 కిలోలు. 1858కి రెండు టన్నులు. 1867కి ఇరవై. 1898 నాటికి రెండు వందల టన్నులు. దీవి మెక్సికోను మించిపోయింది. ఎడ్మండ్‌కు భృతి ఇవ్వాలన్న విన్నపం మాత్రం అలాగే పడి ఉంది. 1880 ఆగస్టులో సెంట్ సుజాన్ ధర్మాసుపత్రిలో, కటిక పేదరికంలో చనిపోయాడు. ఆ విన్నపానికి ఏనాడూ జవాబు రాలేదని ఆ నెలలోనే అక్కడి పత్రిక రాసింది. ఇప్పుడు ఆ ఊళ్లో అతని విగ్రహం ఉంది.

అదే దీవికి 1828లో, ఎడ్మండ్ పుట్టడానికి ముందు ఏడాది, యానాం నుంచి తెలుగువాళ్లను కూలి ఒప్పందాల మీద ఓడెక్కించారన్న సంగతి కూడా చెప్పాను. వదిన సీసా కింద పెట్టింది.

"మనోళ్లేనా?"

"యానాం వాళ్లు. గోదావరి మనుషులు."

"వాళ్లకైనా ఒప్పందం కాయితం ఉండేది. ఆ గుంటడికి ఏ కాయితమూ నేదు కదా." కాసేపాగి, "జవాబు రాకపోతే మళ్లీ రాసేవోళ్లు ఉండాల. ఒకసారి రాసి ఊరుకుంటే ఎవుడు చూస్తాడు?" అంది.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. ఎడ్మండ్ కోసం రాసినవాళ్లు మంచివాళ్లే. కానీ వాళ్లు అడిగింది దయ. ఇవ్వాల్సిందేనని చెప్పే చట్టం ఆ దీవిలో అతనికి లేదు. మనకు ఉంది, పూర్తిగా కాకపోయినా ఉంది. స్టెంటుకు గరిష్ఠ ధర చట్టం. బిల్లు వివరంగా ఇమ్మని అడగడం, మందులు నచ్చిన చోట కొనుక్కోవడం జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రాసి ఉన్నవి. డెబ్బై నిండినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు ఉంది. ఇవన్నీ ఉన్నాయని తెలియక, తెలిసినా నోరు రాక, కట్టేసి వచ్చేవాళ్లే ఎక్కువ. దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం సొంత జేబు నుంచి పెట్టేది 2014-15లో 62.6 శాతం. 2021-22 నాటికి అది 39.4కు తగ్గిందని ప్రభుత్వ లెక్క. తగ్గడం మంచిదే. మిగిలిన ఆ 39 శాతం ఎవరి జేబు? అన్నయ్యలాంటివాళ్లది. ఏ పథకానికీ పూర్తిగా చెందని మధ్యవాళ్లది.

నెల నెలా మందుల విషయంలో కూడా వదిన అడిగే దాకా ఎవరూ చెప్పలేదు. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు, కొలెస్ట్రాలుకు ఒకటి, గుండె వేగానికి ఒకటి. వీటిని డాక్టరు చెప్పే దాకా ఒక్క పూట కూడా ఆపకూడదు. ఖర్చు భయంతో రక్తం పలచబరిచే మాత్ర మానేస్తే స్టెంటే మూసుకుపోవచ్చు. మొదట్లో ఒకసారి అన్నయ్య డబ్బు మిగుల్చుదామని రోజు విడిచి రోజు మింగడం మొదలుపెట్టాడు. మాత్రల అట్టలో మిగిలినవి లెక్కబెట్టి వదిన పట్టుకుంది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికే వెళ్లింది. "బాబూ, ఇవే మందులు జన ఔషధిలో తీసుకోవచ్చా? తీసుకోవచ్చంటే మందు అసలు పేరు రాసివ్వండి." ఆయన విసుక్కోలేదు. రాసిచ్చాడు. కంపెనీ పేరున్న మందు కంటే జన ఔషధి కేంద్రాల్లో సగం నుంచి ఎనభై శాతం దాకా తక్కువని ప్రభుత్వం చెబుతుంది. వదిన నోటుపుస్తకంలో ఎడమ పేజీ ఆ నెల నుంచి చిన్నదయింది. ఆ కుటుంబాన్ని నిలబెట్టింది ఆ ఒక్క ప్రశ్న.

వెనీలా నిలబెట్టిందని నేను అనను. నిజం చెప్పాలి. ఆ కాయలు కొనుక్కోవాల్సి వస్తే సారం ఎసెన్సు కంటే ఎన్నో రెట్లు ఖరీదు. 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు వెనీలిన్ అనే పరిమళ పదార్థాన్ని కృత్రిమంగా తయారు చేశారు. ఎడ్మండ్ బతికుండగానే. ఇవాళ ప్రపంచంలో వెనీలా వాసన వచ్చే వాటిలో అత్యధిక భాగానికి ఆ కాయతో సంబంధమే లేదు. చవకరకం ఎసెన్సు విషమేమీ కాదు. ఎక్కువ వేడిలో కరకరలాడేలా కాలే బిస్కట్లకు అదే చాలు, తేడా పెద్దగా తెలియదు. కస్టర్డులో, పాయసంలో, మెత్తని కేకులో మాత్రం తెలుస్తుంది. వదిన క్రిస్మస్ కేకు ఒకసారి తిన్నవాళ్లు మళ్లీ వచ్చారు, పక్కవాళ్లకు చెప్పారు. మామూలు నెలల్లో కేకుల మీద మిగిలేది మాత్రలకు సరిపోతుంది. డిసెంబరులో మిగిలింది ఏడాదికోసారి చేయించే గుండె పరీక్షకు తీసి పెడుతుంది. అంతకంటే గొప్పగా చెబితే అబద్ధమవుతుంది. సీసా అప్పు తీర్చలేదు. అప్పు తీర్చింది నోటుపుస్తకం, చవక మందు, కౌంటరు పక్కన కుర్చీ.

అయితే ఆ సీసా వదినకు ఒకటి ఇచ్చింది. ఇంట్లో ప్రతిదీ ఇవాళ రేపట్లో కట్టాల్సిన బిల్లుగా కనబడుతున్న రోజుల్లో, ఏడాది తర్వాత పనికొచ్చేదొకటి తన చేత్తో పెట్టుకోగలిగింది. సీసా మీద అంటించిన కాగితంలో పెట్టిన తేదీ, తీయాల్సిన తేదీ రాసి ఉంటాయి. ఆ రెండో తేదీకి అన్నయ్య ఉంటాడన్న నమ్మకంతోనే రాసింది. పైకి ఎప్పుడూ అనలేదు, నేను చూశాను.

ఇది చదువుతున్నవాళ్లలో ఇవాళ ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాళ్లు ఉంటారు. మీకు నాలుగు మాటలు. ఒక పేజీ బిల్లు ఇస్తే కట్టకముందే వివరంగా ఇమ్మని అడగండి. స్టెంటు వేస్తే దాని పేరు, బ్యాచి నంబరు, ధర విడిగా రాయించుకోండి. డిశ్చార్జి చీటీ రాస్తున్నప్పుడే మందుల అసలు పేర్లు రాయమనండి. మీ రేషన్ కార్డుకు ఎంత దాకా వైద్యం వస్తుందో జబ్బు రాకముందే తెలుసుకోండి. ఆయుష్మాన్ కార్డు గురించి 14555కు ఫోను చేయవచ్చు. నిర్ణయించిన ధర కంటే ఎక్కువ తీసుకున్నారనిపిస్తే ఔషధ ధరల సంస్థ ఉచిత ఫోను నంబరు 1800 111 255. మొదటిసారి జవాబు రాకపోతే మళ్లీ అడగండి. మీకు నోరు రాకపోతే మీ వెంట ఒక మనిషిని తీసుకెళ్లండి, మీకు వస్తే మరొకరి వెంట మీరు వెళ్లండి.